దాపటి పక్క వాకిలి

మనుషుల సంగతి ఈ కథకు అక్కర్లేదు. వాళ్ళ ఇళ్ళు వాళ్ళు కట్టుకున్నారు, వాళ్ళ ఉక్కపోత వాళ్ళు పడుతున్నారు. ఇది గొడ్డూ గోదా ఇల్లు కట్టుకున్న కథ.

సముద్రానికి ఒక ఆమడ దూరంలో ఎర్రమట్టి మిట్ట ఒకటి ఉండేది. మిట్టకు తూర్పున కళ్ళం, దక్షిణాన నీళ్ళకుంట. పడమట వాగు, వాగు ఒడ్డంతా మొగలి పొదలు, వాటి వెనక అడవి. ఉత్తరాన నాలుగు తుమ్మచెట్లు తప్ప చెప్పుకోవడానికేమీ లేదు. ఆ మిట్ట మీద కాటుకమ్మ అనే ముసలి బర్రె, మైలన్న అనే ఎద్దు, చెంగమ్మ అనే పడుచు మేక, గింజాలు అనే కోడిపెట్ట కలిసి కాపురం చేస్తుండేవి. కళ్ళంలో బైరిగాడనే కుక్క కాపలా కాసేవాడు గాని, వాడికి కళ్ళం కనుచూపు దాటి ఏం జరిగినా పట్టేది కాదు.

చైత్రంలో కొట్టిన గాలివానకు వాళ్ళ పాత పాక కూలిపోయింది. కూలితే కూలింది, దానికి పడమటి గోడే లేదు, ఎండాకాలం అందులో ఉన్నా ఒకటే, పొయ్యిలో ఉన్నా ఒకటే. పోయిన ఏడు రోహిణి కార్తెలో గింజాలు తొమ్మిది పిల్లల్ని చేసింది. మూడో రోజు వడగాలి కొట్టింది. పొద్దు వాలేసరికి తొమ్మిదీ మెడలు వాల్చేశాయి.

ఈ ఏడు మళ్ళీ సరిగ్గా ఆ అదనుకే పొదుగుకొచ్చింది. కానుగచెట్టు కింద గంపలో పదకొండు గుడ్ల మీద కూర్చుంది.

"కార్తె చూసుకుని కూర్చోవద్దటే?" అని కాటుకమ్మ కసిరింది.

"పొదుగు పంచాంగం చూసుకుని వస్తుందా అమ్మమ్మా?" అంది గింజాలు. అని, ముక్కుతో ఒక గుడ్డును లోపలికి జరుపుకుని, చిన్న గొంతుతో, "ఈసారైనా ఒక్కటి మిగిలితే బాగుండు" అంది.

కాటుకమ్మ దగ్గరికొచ్చి గంపను మూతితో ఇంకాస్త నీడలోకి నెట్టింది. "పిల్లలు లేచేనాటికి చల్లని ఇల్లుంటుంది పో. పూచీ నాది" అంది.

అనడమైతే అంది గాని ఆ మధ్యాహ్నమంతా దానికి కుదురు లేదు. ఇల్లెట్లా కట్టాలో మిట్ట మీద తెలిసింది దానికొక్కదానికే. ఆ తెలిసిందేమో రోజురోజుకీ చేజారిపోతోంది. కుంటకు వెళ్ళి నీళ్ళు తాగి వచ్చి, తాగానా లేదా అని మళ్ళీ వెళ్ళేది. చెంగమ్మను పిలవాలంటే ముందు చెంగమ్మ తల్లి పేరు వచ్చేది, తర్వాత దాని తల్లి పేరు. ఆఖరికి "ఏయ్, నిన్నే" అని పిలిచేది. అందుకని ఇంటి సంగతి మాత్రం పోకుండా ఒక మాట కట్టుకుంది. రోజూ లేవగానే మొదటి నెమరుతో పాటు దాన్ని పైకే అనుకునేది:

"ఇల్లంటే ఎండలో పడుకున్న బర్రె. వీపు పడమటికి, మూతి తూర్పుకి. వీపు మందం, మూతి తెరుపు. పొట్ట ఖాళీ, చెవులు వాలు."

వీపంటే పడమటి గోడ. మట్టీ గడ్డీ కలిపి తొక్కి మూరెడు మందాన పెట్టాలి, ఒక్క చిల్లు ఉండకూడదు, ఎండా వడగాలీ వచ్చేది అటునుంచే. మూతంటే వాకిలి. సముద్రపు గాలి మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి వస్తుంది, దాన్ని తాగాలి. పొట్టంటే నడిమధ్యన ఆకాశం కనిపించే ఖాళీ జాగా, ఇంట్లో వేడంతా అందులోంచి పైకి పోవాలి. చెవులంటే చూరు. తాటాకు చూరు ఎంత కిందికి వాలితే లోపల అంత నీడ.

అదే మైలన్నను పిలిచి చెప్పింది. మట్టి తొక్కేది వాడు, గోడ గీత గీసేది వాడి కొమ్ము.

"అంతా సరే అత్తా. వాకిలి ఎటు?" అన్నాడు మైలన్న.

"తూర్పుకని చెప్పానుగా."

"తూర్పంటే?"

"ఒరే, రోజూ పొద్దున్నే సూర్యుడు ఎటునుంచి వస్తాడ్రా?"

"పొద్దున్నే నేను తల దించుకుని మేస్తుంటానత్తా. ఎప్పుడూ చూళ్ళేదు."

మైలన్న మంచివాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమంటారే, ఆ దూడ కోసం తాడు వెతికేంత మంచివాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచి కాడికి ఎడమ పక్కనే కట్టి దున్నించారు వాడిని. ఎడమ పక్కది దాపటెద్దు, కుడి పక్కది వలపటెద్దు. అందుకని వాడికి లోకంలో దిక్కులు రెండే. ఒకటి దాపట, ఇంకొకటి వలపట.

"ఇటు రా. నాతో పాటు కుంట వైపు తిరిగి నిలబడు" అంది. నిలబడ్డాడు. "ఇప్పుడు నీ దాపటి పక్క ఏముంది?"

"కళ్ళం."

"ఆ పక్కే వాకిలి. దాపట. ఏమన్నాను?"

"దాపట. అట్లా తెలుగులో చెప్పత్తా, ఎందుకు తెలీదు!" అన్నాడు మైలన్న సంతోషంగా.

మొగలి పొదలో ఒక తోక కదిలింది. కాటుకమ్మ చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆ తోకగలవాడు వచ్చాడు. జంబయ్య అనే నక్క. మెడలో ఒక తాడు, తాడు కొసన వేలాడే రాయి. తాను మేస్త్రినని చెప్పుకున్నాడు.

"పెద్దమ్మా, నమస్కారం. పాక పడిపోయిందని విని మనసాగలేదు. కూలీ వద్దు, గింజా వద్దు, నలుగురికి నీడ దొరికితే నాకదే చాలు" అన్నాడు.

నక్క వినయాలని ఊరికే అనలేదు పెద్దలు. కానీ చెంగమ్మ అప్పటికే మురిసిపోయింది. "మేస్త్రి గారూ, మా ఇంటికి కప్పేం వేస్తారు? మా అత్త తాటాకంటోంది" అంది.

"తాటాకా! ఈ కాలంలోనా! వాగవతల పాడుబడిన ఇటుకబట్టీ ఉంది, దాని రేకులు ఊరికే పడున్నాయి. వేస్తే మీ ఇల్లు కోసు దూరం మెరుస్తుంది."

"మెరిస్తే కడుపు నిండుతుందా? రేకు ఎండకు పెనం అవుతుంది" అంది కాటుకమ్మ.

"మెరిసేది చల్లగా ఉంటుంది పెద్దమ్మా. చంద్రుడు మెరవడూ?"

చెంగమ్మ "అవును కదా!" అంది. కాటుకమ్మకు ఒళ్ళు మండింది.

"మరి ఈ నడిమధ్య ఖాళీ ఏమిటి?" జంబయ్య పొట్ట కోసం కాటుకమ్మ నడుమ గీసుకున్న గుర్తు చూసి నవ్వాడు. "కప్పు మధ్యలో కన్నం పెట్టి దాన్ని ఇల్లంటారా? పైన గద్దలు తిరుగుతున్నాయి. ఎవరి పిల్లల కోసం కడుతున్నాం మనం?"

ఆ మాటతో గంపలోంచి గింజాలు మెడ బయటికి పెట్టింది. "అమ్మమ్మా, గద్ద వస్తుందా?"

"ఎండుకొమ్మలు అడ్డం పరుద్దామే. గద్ద రాదు, గాలి పోతుంది."

"వస్తే?"

తొమ్మిది పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి గద్ద రాదని ఎవరు హామీ ఇవ్వగలరు? ఓట్లేసినట్టు ముగ్గురూ రేకుల కప్పే కావాలన్నారు, కన్నం మూసెయ్యాలన్నారు. 'ఇల్లు కట్టి చూడు అన్నారు గాని, మేకతో కలిసి కట్టి చూడు అనలేదు. అని ఉంటే లోకంలో ఇళ్ళే ఉండేవి కావు' అనుకుంది కాటుకమ్మ.

"కప్పు మీ ఇష్టం. వాకిలి మాత్రం నేను చెప్పిన పక్కనే. అదొక్కటీ ఉంటే ఏదో ఒకలా బతికి బయటపడతాం" అంది.

"నీ మాట కాదనేంతవాణ్ణా పెద్దమ్మా? దాపట అన్నావు కదూ? దాపటే" అన్నాడు జంబయ్య.

ఎండ నెత్తికెక్కింది. బర్రె తోలుకు ఆ వేళకు నీళ్ళు తగలకపోతే ప్రాణం నిలవదు. కాటుకమ్మ కుంటలోకి దిగింది. మూతి ఒక్కటి పైకి పెట్టి, "వీపు పడమటికి, మూతి తూర్పుకి" అనుకుంటూ కూర్చుంది. తిరిగి వచ్చేసరికి గోడ మొదటి వరస లేచింది. వాకిలికి వదిలిన సందు పడమటి పక్కన ఉంది.

"ఒరే! ఇదేమిట్రా?" అని అరిచింది.

మైలన్న మోకాళ్ళ దాకా మట్టిలో ఉన్నాడు. "వాకిలత్తా."

"వాకిలి ఎటు పెట్టమన్నాను?"

"దాపట."

"ఇది దాపటేనా?"

మైలన్న గీసిన గీత తలుచుకున్నాడు, తన ఎడమ కొమ్ము తలుచుకున్నాడు. "దాపటే అత్తా. ఒట్టు."

"పెద్దమ్మా," జంబయ్య గొంతు తగ్గించాడు, కానీ అందరికీ వినబడేంతే తగ్గించాడు, "నువ్వు దాపట అనలేదూ? మేమంతా విన్నాం కదా. వలపట అనబోయి దాపట అన్నావేమో. వయసన్నాక అదొక వింతా? మా అమ్మమ్మ ఆఖరి రోజుల్లో కన్న కొడుకును పట్టుకుని కుందేలనుకుంది."

చెంగమ్మ కిసుక్కున నవ్వింది. కాటుకమ్మకు అనుమానం పట్టుకుంది. నిజంగానే వలపట అనాల్సిందేమో! దాపట అన్నట్టే గుర్తు. కానీ గుర్తన్నదాన్ని నమ్మడమెట్లా? నిన్న నీళ్ళు తాగినట్టు కూడా గుర్తే, తాగలేదని గొంతెండాక తెలిసింది. మూరెడు గోడ మీద పోట్లాడటానికైనా మనసులో ఒక గట్టి నేల ఉండాలి. అది లేని వాళ్ళు ఏం పోట్లాడతారు?

"కూల్చి మళ్ళీ పెడదామా?" అంది నెమ్మదిగా.

"కార్తె ముంచుకొస్తోంది పెద్దమ్మా. నువ్వు మర్చిపోయినప్పుడల్లా కూలిస్తే ఇల్లెప్పుడు లేస్తుంది?"

అంతే. ఆ పూట నుంచి ఎవరూ దాన్ని ఏమీ అడగలేదు. గోడ రోజుకో వరస లేచింది. రేకులు వచ్చాయి. పన్నెండో నాటికి ఇల్లు ముగిసింది, కోసు దూరం మెరిసింది కూడా. మర్నాడు గృహప్రవేశమనీ, గింజాలు గంపతో సహా అందులోకి మారాలనీ, ఎల్లుండో అవతలెల్లుండో పిల్లలు లేస్తాయనీ నిర్ణయం అయింది.

ఆ సాయంత్రం కాటుకమ్మ ఇంటి చుట్టూ ఒక్కతే తిరిగింది. రేకుల కింద తల పెట్టి చూసి వెంటనే వెనక్కి తీసుకుంది. పొద్దు వాలుతున్నా లోపల పెనం మీద రొట్టె వేడి. పడమటి ఎండ వాకిట్లోంచి సూటిగా పోయి ఎదుటి గోడకు తగులుతోంది. సరిగ్గా అక్కడే గింజాలు గంపకు చోటు చూసుకుంది.

గోడ మూల దగ్గర నేల మీద తొక్కుడు మట్టి చింది, ఎండి, రాయిలా గట్టిపడి ఉంది. అందులో మైలన్న గిట్టలు లోతుగా దిగిన గుర్తులు. గీత మొదలుపెట్టిన చోటు అదే. కాటుకమ్మ వంగి చూసింది. గిట్ట మొనలు తుమ్మచెట్ల వైపు ఉన్నాయి. తర్వాత తాను తుమ్మచెట్ల వైపు తిరిగింది. ఎడమ పక్క వాగు. వెనక్కి, కుంట వైపు తిరిగింది. ఎడమ పక్క కళ్ళం.

"ఒరే మైలా! ఇట్రా!"

వచ్చాడు.

"గీత గీసినప్పుడు ఎటు తిరిగి ఉన్నావు?"

"తుమ్మచెట్ల వైపు."

"నేను చెప్పినప్పుడు?"

"కుంట వైపు."

"వెనక్కి తిరిగితే దాపటి పక్క మారిపోదూ?"

"మారడమేంటత్తా? నేనెటు తిరిగినా నా దాపట నాతోనే వస్తుంది కదా" అన్నాడు మైలన్న జాలిగా, ముసలిదానికి ఇంత చిన్న సంగతి కూడా తెలియడం లేదే అన్నట్టు.

కాటుకమ్మకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, దాని వెనకే వచ్చిన సంతోషం ముందు గుర్తుపట్టలేదు. దాపట అన్నాను! నేను చెప్పింది సరే, నాకు గుర్తున్నదీ సరే. మతి పోలేదు, మైలాగాడిని ఎవరో తిప్పారు.

"నిన్ను అటు తిరగమన్నదెవరు?"

"మేస్త్రే. ఉత్తరం కుబేరుడి దిక్కట, అటు తిరిగి గీస్తే మేతకు లోటుండదట."

కాటుకమ్మ గబగబా వెళ్ళి చెంగమ్మకు చెప్పింది. చెంగమ్మ అప్పుడే గోడ మీదికెక్కి, రేకు మెరుపులో తన గడ్డం చూసుకుంటోంది.

"అత్తా, మళ్ళీ మొదలెట్టావా? నీకా, ఇల్లు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది. ఈ వయసులో వాకిళ్ళ గొడవ నీకెందుకు?" అంది.

కాటుకమ్మ కొమ్ములు వంచబోయి ఆగింది. కాడంటే చెంగమ్మ ఉద్దేశంలో వల్లకాడు. కానీ కాడంటే అడవి కూడా. కాటుకమ్మ చూపు వాకిట్లోంచి బయటికి పోయింది. ఎదురుగా ఇరవై బారల్లో మొగలి పొదలు, చల్లటి నీడ, వెనక అడవి. కళ్ళంలో ఉన్న బైరిగాడికి ఈ పక్క కనిపించనే కనిపించదు. ఇల్లు వేడెక్కి పొమ్మంటుంది. పొద నీడ రమ్మంటుంది. పిల్లల్ని వెంటేసుకుని గింజాలు ఎటు పోతుంది?

"అదీ సంగతి!" అంది పైకే.

చెంగమ్మతో ఇంకొక్క మాట మాట్లాడలేదు. చెప్పినా నమ్మరు. ముసలివాళ్ళు నిజం చెబితే చాదస్తం, మేస్త్రి అబద్ధం చెబితే వాస్తు. వాడి నోటితోనే చెప్పించాలి.

మర్నాడు మధ్యాహ్నానికి బంధుబలగం చేరింది. కాటుకమ్మ స్వయంగా కళ్ళానికి వెళ్ళి, "గృహప్రవేశం రా, నీకు మంచి భోజనం ఉంది" అని బైరిగాడిని కూడా పిలుచుకొచ్చింది. వాడిని ఇంటి నీడన, వాకిలికి కనబడకుండా మూల పక్కన కూర్చోబెట్టింది. జంబయ్య తాడూ రాయీ మెడలో వేసుకుని పెళ్ళికొడుకులా దిగాడు.

"మేస్త్రీ, ఇల్లు చల్లగా ఉంటుందంటావు?" అంది కాటుకమ్మ అందరి ముందూ.

"శీతాకాలాన్ని పట్టి బంధించాను పెద్దమ్మా."

"సంతోషం నాయనా. మా గొడ్లల్లో ఒక ఆచారం ఉంది. కట్టిన చేతులే ముందు గడప దాటాలి. పాలు పొంగేదాకా మేస్త్రి లోపల కూర్చుంటే ఇంట్లో వాళ్ళకు నూరేళ్ళు. మధ్యలో లేచొస్తే, వాడు కట్టిన ఇంట్లో వాడికే నమ్మకం లేదని అర్థం."

జంబయ్య చెవులు నిక్కాయి. పాలు పొంగడానికి ఎంతసేపు పడుతుంది? రెండు చితుకులు కాలేంత సేపు. "ఎవరి పాలు?" అన్నాడు ఎందుకైనా మంచిదని.

"బర్రెను నేనుండగా ఇంకెవరి పాలు?"

చెంగమ్మ నోరు తెరిచింది. కాటుకమ్మ దాని కాలు తొక్కింది. బర్రె కాలు తొక్కితే మేక నోరు దానంతటదే మూసుకుంటుంది.

జంబయ్య దర్జాగా లోపలికి వెళ్ళి మధ్యలో కూర్చున్నాడు. కాటుకమ్మ వాకిట్లో అడ్డంగా చతికిలబడింది. దాని నడుము ఒక గోడకు తగిలింది, భుజం ఇంకో గోడకు. చీమకు కూడా సందు లేదు.

"ఎట్లా ఉంది మేస్త్రీ?"

"హిమాలయం!"

కాసేపటికి లోపలినుంచి వగరుస్తున్న చప్పుడు వచ్చింది. "పెద్దమ్మా, కొంచెం గాలి తగ్గింది."

"నేను జరిగితే వస్తుందేమో, ఉండు" అని కాటుకమ్మ ఒక పక్కకు ఒరిగింది. పడమటి వడగాలి ఆ సందులోంచి దూసుకుపోయి జంబయ్య మీసాలు కాల్చింది.

"వద్దు! వద్దు! ముందున్నట్టే కూర్చో!"

కూర్చుంది. పైన రేకులు ఎండకు టక్కుటక్కుమంటున్నాయి. గింజాలు గంపలోంచి ఆ చప్పుడు వింటూ రెక్కలు బిగించుకుంది.

"పాలు పొంగాయా?"

"ఇంకా పితకలేదు."

"పితకండమ్మా మరి!"

"చేపు రావాలి కదా నాయనా."

"చేపంటే?"

"అడవిలో ఉండేవాడివి, నీకేం తెలుస్తుంది! పాలు పొదుగులోకి దిగడాన్ని చేపడమంటారు. గొడ్డుకు మనసు కుదుటపడితేనే చేపుతుంది. నాకా, మనసు బాగాలేదు."

"ఏమైంది తల్లీ?" గొంతు కీచుమంది.

"మతిమరుపు నాయనా. వాకిలి ఏ దిక్కుకు పెట్టమన్నానో గుర్తు రావడం లేదు. అది తేలితే గాని..."

"తూర్పుకి! తూర్పుకే అన్నావు! పొదలోంచి నా చెవులతో విన్నాను!"

బయట అందరూ వాకిలి వైపు తిరిగారు. మైలన్న కూడా తల ఎత్తాడు.

"మరి పడమటికెట్లా వచ్చింది?"

"ఎద్దును నేనే తిప్పాను! వాడికి దాపట తప్ప దిక్కులు తెలియవని తెలుసు. చేపావా?"

"సగం చేపాను. ఎందుకు తిప్పావో తెలిస్తే మిగతా సగం వస్తుంది."

"ఈ ఎండలో కోడి ఇంట్లో ఉండలేదు!" రేకు వేడికి జంబయ్యకు అబద్ధం కూడా ఆవిరైపోయింది. "పిల్లల్నేసుకుని చల్లగాలికి పొదల్లోకొస్తుంది. నేనక్కడే ఉంటాను కదా! చెప్పాను, అంతా చెప్పాను, ఇక పితకండమ్మా!"

గింజాలు గంపలోంచి లేచి నిలబడి, మళ్ళీ గుడ్లు గుర్తొచ్చి కూర్చుంది. చెంగమ్మ గడ్డం నేలకు ఆనింది.

"పితికేదే నాయనా," అంది కాటుకమ్మ, "కానీ నేను వట్టిపోయి ఆరేళ్ళయింది. నా పొదుగులో పాల చుక్క లేదు. ఆ ముక్క నీకు చెప్పడం మర్చిపోయాను."

లేచి పక్కకు జరిగింది. తడిగుడ్డ జారిపడినట్టు జంబయ్య వాకిట్లోంచి బయటికి జారిపడ్డాడు. నాలుక జానెడు వేలాడుతోంది. నీడ కోసం మూల తిరిగాడు. అక్కడ బైరిగాడు తన భోజనం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాడు. ఆ తర్వాత మొగలి పొదల దాకా వినిపించిన చప్పుడు గురించి చెప్పుకోనక్కర్లేదు. తాడూ రాయీ మిట్ట మీదే ఉండిపోయాయి, సగం తోకతో సహా.

"ఏం చూస్తారు?" కాటుకమ్మ అరిచింది. "రేపో మాపో పిల్లలు లేస్తాయి. ఒరే మైలా, కుంట వైపు తిరుగు. తిరిగావా? నేను చెప్పేదాకా కదలకు. నీ దాపటి గోడ కొమ్ముతో పొడు. ఏయ్, నిన్నే, నీ పేరేమిటే, చెంగీ! కప్పెక్కి మెరుపులు చూసుకున్నావుగా, ఇప్పుడెక్కి రేకులు తన్ను!"

ఆ పూటా మర్నాడూ పని ఆగలేదు. తూర్పు గోడ తెరుచుకుంది. ఆ మట్టితోనే పడమటి వాకిలి మూరెడు మందాన మూసుకుపోయింది. రేకులు వాగులో పడ్డాయి, తాటాకు పైకెక్కింది. నడిమధ్యన ఆకాశానికి చోటు వదిలి, దాని మీద గద్ద దూరకుండా తుమ్మకొమ్మలు పరిచారు. చూరు ఎంత కిందికి దించారంటే మైలన్న కొమ్ములు వంచి లోపలికి రావాల్సి వచ్చింది. గంపను పడమటి గోడ వారన పెట్టారు. తడి మట్టి ఇంకా ఆరలేదు, చెయ్యి పెడితే కుండలా చల్లగా ఉంది.

పదకొండు గుడ్లలో రెండు మురిగాయి. తొమ్మిది పిల్లలు లేచాయి. రోహిణి వచ్చింది. మూడో రోజు వడగాలి పడమటి గోడకు తల కొట్టుకుని, కప్పు మీదుగా ఎటో పోయింది. మధ్యాహ్నం దాటాక తూర్పు నుంచి సముద్రపు గాలి తీరిగ్గా వాకిట్లోకొచ్చి, నడిమధ్య జాగాలో ఒక చుట్టు తిరిగి, లోపలి ఉక్కనంతా వెంటబెట్టుకుని పైకి పోయింది. గింజాలు పిల్లల్ని లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. పొద్దు వాలాక ఇంకోసారి లెక్కపెట్టి, కాటుకమ్మ కాళ్ళ దగ్గరికొచ్చి కూర్చుంది.

దారిన పోయే మేకలకు చెంగమ్మ ఇల్లు చూపిస్తూ, "తూర్పు వాకిలే మేలని మొదట్నుంచీ నేను నెత్తీ నోరూ బాదుకున్నాను, వింటేనా!" అంటోంది. కాటుకమ్మకు మళ్ళీ ఒళ్ళు మండింది గాని, లేచి పోట్లాడాలంటే గాలి వచ్చే చోటు వదులుకోవాలి.

దారి చెబితే చాలదు, వినేవాడు ఎటు తిరిగి ఉన్నాడో కూడా చూసుకోవాలి.